పొగలో విషం ఎంత? ఏ పరీక్ష ఎవరికి సరిపోతుంది?

పోయిన నెల మా బామ్మర్ది కొత్త ఇంటి వైరింగ్ సామాను కోసం నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక ఎలక్ట్రికల్ షాపుకు వెళ్లాం. షాపాయన కౌంటర్ కింద నుంచి జానెడు వైరు ముక్క తీసి కొసకు లైటర్ పెట్టాడు. మంట అంటుకుంది. లైటర్ పక్కకు తీయగానే ఆరిపోయింది. "సూడుండ్రి సార్, ఎట్ల ఆరిపోయిందో. ఇగ మీ ఇంటికి టెన్షన్ లేదు" అన్నాడు. మా బామ్మర్ది తలూపాడు. నా కళ్లు మాత్రం ఆ కొస నుంచి లేచిన పలచటి తెల్ల పొగ మీదే ఉన్నాయి. రెండు సెకన్లకే నా ముక్కు మండింది, గొంతులో గరగర మొదలైంది.

ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. ఆ వైరు మీద మంట తొందరగా పాకదు, అంతవరకు నిజమే. కానీ అగ్నిప్రమాదంలో మనిషిని ముందుగా పడగొట్టేది చాలాసార్లు పొగ. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచాయి. అది మన నాగర్‌కర్నూల్ జిల్లా, ఒకప్పటి మహబూబ్‌నగర్. సొరంగమంతా పొగ కమ్మేసింది. లోపలివాళ్లు బయటికి రాలేకపోయారు, బయటివాళ్లు లోపలికి పోవడానికి గంటల తరబడి తంటాలు పడ్డారు. తొమ్మిది మంది తిరిగి రాలేదు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు పొగకే ఊపిరాడక పోయారు.

నేను జడ్చర్ల వైపు ఒక ప్లాస్టిక్ కాంపౌండ్ (ప్లాస్టిక్‌లో పొడులు, రసాయనాలు కలిపిన మిశ్రమం) ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తాను. ఇల్లు కట్టేవాళ్లు, ఫంక్షన్ హాలు ఓనర్లు, మాలాగే చిన్న యూనిట్లు నడిపేవాళ్లు అందరూ నన్ను అడిగేది ఒకటే: "పొగ విషమా కాదా తెలియాలంటే ఏ టెస్టు రిపోర్టు అడగాలి?" సమాధానం ఒక్కటి కాదు. ఒక్కో పరీక్ష ఒక్కో ప్రశ్నకే జవాబిస్తుంది. ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును ఇంకో ప్రశ్నకు వాడుకున్నప్పుడే మనం మోసపోతాం.

## పరీక్షల కంటే ముందు చూసుకోవాల్సినవి

పొగలో దేన్ని కొలుస్తున్నారు? పొగ మూడు రకాలుగా చంపుతుంది. మొదటిది చీకటి: కళ్ల ముందు తలుపు ఉన్నా కనబడదు. రెండోది మంట పుట్టించే ఆమ్ల వాయువులు. పీవీసీ కాలితే వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ కంటిలో, గొంతులో తేమ తగలగానే హైడ్రోక్లోరిక్ యాసిడ్ అవుతుంది, మనిషి కళ్లు తెరవలేడు. మూడోది ఊపిరి తీసే వాయువులు. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. దానికి తోడు హైడ్రోజన్ సైనైడ్. ఇది నైట్రోజన్ ఉన్న వస్తువుల నుంచి వస్తుంది: సోఫా ఫోమ్, నైలాన్, ఉన్ని, చివరికి పట్టు కూడా. బీరువాలో దాచుకున్న గద్వాల పట్టుచీర కాలినా సైనైడ్ వస్తుందంటే చాలామంది నమ్మరు.

ఎలాంటి మంటలో కాల్చారు? నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. కట్టెల పొయ్యి ముందు కూర్చున్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. అవే కట్టెలు, అదే పొయ్యి. గాలి ఆడకపోతే ఇల్లంతా పొగ, కళ్లనీళ్లు. ఊదుగొట్టంతో రెండుసార్లు ఊదితే మంట లేచి పొగ తగ్గిపోతుంది. ల్యాబులో కూడా అంతే. గాలి పుష్కలంగా ఇచ్చి కాలిస్తే కార్బన్ మోనాక్సైడ్ తక్కువ వస్తుంది. తలుపులు మూసిన గదిలో ఆక్సిజన్ అయిపోయాక అదే పదార్థం ఎన్నో రెట్లు ఎక్కువ వదులుతుంది. పీవీసీ మాత్రం గాలి బాగా ఉన్నప్పుడూ కార్బన్ మోనాక్సైడ్ గట్టిగానే ఇస్తుంది, ఎందుకంటే దాని క్లోరిన్ మంటను సగంలోనే అణిచేస్తుంది.

పదార్థాన్నా, పూర్తి వస్తువునా? ఒక గ్రాము గుళికలను కాల్చి వచ్చిన అంకె వేరు, మీటరు పొడవు కేబుల్‌ను కాల్చి వచ్చిన అంకె వేరు. సోఫాలో ఫోమ్ ఒకటి, పైన గుడ్డ ఇంకొకటి, మధ్యలో జిగురు మరొకటి.

ఆ అంకెను ఎవరు అడుగుతారు? కాంట్రాక్టు అడుగుతుందా, ఫైర్ ఆఫీసర్ అడుగుతారా, మీ మనసు అడుగుతుందా? దీన్నిబట్టి మీ ఖర్చు ఉంటుంది.

## ఒక్క చూపులో

ఐఈసీ, ఐఎస్‌ఓ అనేవి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థలు, ఐఎస్ అంటే మన దేశపు ప్రమాణం. పక్కనున్న అంకె ఆ ప్రమాణం నంబరు.

| పరీక్ష | ఏం కొలుస్తుంది | ఎలాంటి మంట | ఏం చెప్పదు | ఎవరికి |
|---|---|---|---|---|
| ఐఈసీ 60754-1, 60754-2 | ఆమ్ల వాయువు శాతం. పీహెచ్ (అంకె ఎంత తగ్గితే అంత ఆమ్లం), కండక్టివిటీ (నీటిలో కరెంటు ఎంత పారుతుంది) | గొట్టం కొలిమి, గ్రాము లోపు లేదా గ్రాము పదార్థం | కార్బన్ మోనాక్సైడ్, సైనైడ్, చీకటి | వైరు కొనేవాళ్లు, కాంపౌండ్ తయారీదారులు |
| ఐఈసీ 61034 | పొగలోంచి ఎంత వెలుతురు దాటుతుంది | 3 మీటర్ల గది, స్పిరిట్ మంట, పూర్తి కేబుల్ | ఏ వాయువు ఎంత | ఆసుపత్రులు, హాళ్లు, సొరంగాలు |
| నేవీ 713 టాక్సిసిటీ ఇండెక్స్ | 14 వాయువులు కలిపి ఒక అంకె | గాలి పుష్కలంగా ఉన్న బర్నర్ మంట | గాలి లేని మంటలో ఏమవుతుంది | కాంట్రాక్టులో ఆ పేరు ఉన్నవాళ్లు |
| ఐఎస్‌ఓ 5659-2, వాయువుల విశ్లేషణతో | చీకటి, ఒక్కో వాయువు విడిగా | మూసిన పెట్టె, పైనుంచి వేడి | లోపల గాలి ఎప్పుడు ఎంత ఉందో మన చేతిలో ఉండదు | రైలు, ఓడ, ఇంటీరియర్ ప్యానెళ్లు |
| ఐఎస్‌ఓ/టీఎస్ 19700 | గ్రాముకు ఏ వాయువు ఎంత | గాలి మన చేతిలో | పూర్తి వస్తువు ఎలా కాలుతుంది | ఫైర్ ఇంజనీర్లు, కొత్త ఫార్ములా చేసేవాళ్లు |

## ఆమ్ల వాయువు పరీక్ష: చవక, సులువు, సగం జవాబు

ఈ పని నేను రోజూ చేస్తాను, కాబట్టి దీని గురించే ఎక్కువ చెబుతాను. ఒక గ్రాము ఇన్సులేషన్‌ను సన్నగా తరిగి చిన్న పింగాణీ దోనెలో పెడతాం. మేం దాన్ని బోట్ అంటాం. కొలిమి ముందే 935 డిగ్రీలు దాటి ఎర్రగా కాగి ఉంటుంది. బోట్‌ను గొట్టంలోకి నెట్టగానే లోపల పొగ తిరుగుతుంది, అవతలి కొసలో సీసాలోని నీళ్లలో బుడగలు లేస్తాయి. పొగ అంతా ఆ నీళ్లలోంచే పోవాలి. అరగంట అయ్యాక ఆ నీటిని లీటరుకు నింపి పీహెచ్ చూస్తాం. ఇది ఐఈసీ 60754లో రెండో భాగం. పీహెచ్ 4.3కు తగ్గకూడదు, కండక్టివిటీ మిల్లీమీటరుకు 10 మైక్రోసీమెన్స్ దాటకూడదు. మామూలు పీవీసీ పెడితే మీటర్ అంకె కళ్ల ముందే జారి రెండు దగ్గరకు వస్తుంది. అంటే ఆ సీసాలో ఉన్నది నిమ్మరసం అంత పుల్లటి నీళ్లు.

మొదటి భాగంలో కొలిమిని మెల్లగా 40 నిమిషాల్లో 800 డిగ్రీలకు తీసుకెళ్లి ఇంకో 20 నిమిషాలు అక్కడే ఉంచుతారు. ఎంత ఆమ్ల వాయువు వచ్చిందో శాతంలో చెబుతారు. ఈ ఆమ్ల వాయువులు హాలోజన్ల నుంచి, అంటే క్లోరిన్, బ్రోమిన్ లాంటి వాటి నుంచి వస్తాయి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. "హాలోజన్ 0.5 శాతం లోపు, కాబట్టి జీరో హాలోజన్" అని రాసిన రిపోర్టులు నేను చాలా చూశాను. ఆ పరీక్ష అంత చిన్న మోతాదుల కోసం పెట్టింది కాదు. లెక్క వేసి చూడండి: గ్రాము పదార్థం నుంచి 5 మిల్లీగ్రాముల హైడ్రోజన్ క్లోరైడ్ లీటరు నీళ్లలో కలిస్తే పీహెచ్ 3.9 దగ్గర ఆగుతుంది. అంటే 0.5 శాతంతో మొదటి భాగం దాటిన సరుకు రెండో భాగంలో ఫెయిల్ కావచ్చు. ఇంకో విషయం, మొదటి భాగం ఫ్లోరిన్ ఆమ్లాన్ని లెక్కలోకే తీసుకోదు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో బ్యాటరీల పరిశ్రమ వస్తోంది కాబట్టి ఫ్లోరిన్ ఉన్న వైర్లు, ప్లాస్టిక్కులు సరఫరా చేద్దామనుకునేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. జీరో హాలోజన్ అనే మాట ఎవరన్నా వాడితే రెండో భాగం రిపోర్టే అడగండి.

మరి ఇది సగం జవాబు ఎందుకయింది? చిట్యాల, నల్లగొండ వైపు జిన్నింగ్ మిల్లుల్లో ఉండే పత్తి బేలును తీసుకోండి. పత్తిలో హాలోజన్ ఉండదు, ఈ పరీక్షలో సున్నా వస్తుంది. కానీ మూసిన గోదాములో బేలు లోపల్లోపల రాజుకుంటే గోదామంతా కార్బన్ మోనాక్సైడే. సోఫా ఫోమ్ కూడా అంతే, క్లోరిన్ లేదు కానీ సైనైడ్ ఉంది. హాలోజన్ ఫ్రీ అంటే విషం లేదని అర్థం కాదు, ఒక రకం విషం లేదని అర్థం.

## పొగ చిక్కదనం

ఐఈసీ 61034కు పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి మీటర్లున్న గది కావాలి. కింద ట్రేలో లీటరు స్పిరిట్ పోసి, పైన మీటరు పొడవు కేబుల్ ముక్కలు ఉంచి కాలుస్తారు. ఒక గోడ నుంచి ఎదుటి గోడకు వెలుతురు ఎంత చేరుతుందో చూస్తారు. మామూలుగా 60 శాతానికి తగ్గకూడదంటారు. పూర్తి వస్తువును కాల్చడం దీని బలం. ఎక్కువమంది ఉండే హాలుకు, పెద్ద అంతస్తుల భవనానికి ఈ అంకె చాలా విలువైనది, ఎందుకంటే జనం తప్పించుకునే మొదటి రెండు నిమిషాలు దారి కనబడాలి.

ఒక్క హెచ్చరిక. లో స్మోక్ అన్న మాట చూసి విషం కూడా లో అనుకోవద్దు. మన ఐఎస్ 694 ప్రకారం ఎఫ్‌ఆర్-ఎల్‌ఎస్‌హెచ్ (మంట తొందరగా పాకని, పొగ, హాలోజన్ తక్కువ వచ్చే) వైరు కూడా 20 శాతం దాకా హాలోజన్ ఆమ్ల వాయువు వదలవచ్చు. ఆ పేరులోని ఎల్ అక్షరానికి అర్థం తక్కువ అని, అస్సలు లేదని కాదు.

ఆ 20 శాతం ఎంతో ఇంట్లోనే లెక్క కట్టవచ్చు. 30 మీటర్ల ఒకటిన్నర స్క్వేర్ వైరు మీద పూత దాదాపు 200 గ్రాములు. అందులో 20 శాతం అంటే 40 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడ్. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తున్న గదిలో అది సమంగా కలిస్తే సుమారు 950 పీపీఎం, అంటే పది లక్షల వంతుల గాలిలో 950 వంతులు. పొగలో మనిషి ఎంతవరకు తట్టుకోగలడో లెక్కగట్టే ప్రమాణం ఐఎస్‌ఓ 13571. మనుషులు తమంతట తాము తప్పించుకోలేని స్థాయికి అది పెట్టుకున్న అంకె 1000 పీపీఎం. నిజం మంటలో కొంత ఆమ్లం గోడలకు, సున్నానికి అంటుకుపోతుంది, 30 మీటర్లూ ఒకేసారి కాలవు. అయినా ఒక్క చిన్న గదికి ఇది తక్కువ కాదు.

## ఒకే అంకె చెప్పే టాక్సిసిటీ ఇండెక్స్

బ్రిటిష్ నౌకాదళం తన ఓడల కోసం పెట్టుకున్న పరీక్ష ఇది. పాత పేరు ఎన్‌ఈఎస్ 713. గాలి చొరబడని పెట్టెలో చిన్న ముక్కను సుమారు 1150 డిగ్రీల బర్నర్ మంటలో పూర్తిగా కాలుస్తారు. తర్వాత రంగు మారే గాజు గొట్టాలతో 14 వాయువులను కొలుస్తారు. ఒక్కో వాయువును, అరగంటలో మనిషి ప్రాణం తీసే మోతాదుతో భాగించి, అన్నీ కూడి ఒక అంకె ఇస్తారు. అంకె చిన్నదైతే మంచిది.

ఒకే అంకె కావడంతో టెండర్లు రాసేవాళ్లకు ఇదంటే ఇష్టం. నాకు అంతగా నచ్చదు. అంత వేడిలో, ధారాళమైన మంటలో కార్బన్ మోనాక్సైడ్ తక్కువగా కనబడుతుంది. గాజు గొట్టాల్లో ఒక వాయువు రంగును ఇంకో వాయువు చెడగొడుతుంది. రాజుకుంటూ కాలే మంట సంగతి ఇందులో అసలు రాదు. అయినా మీ కాంట్రాక్టులో ఈ పేరు ఉంటే వేరే దారి లేదు. మాకు జరిగింది చెబుతాను. ఒక ఆర్డరులో టాక్సిసిటీ ఇండెక్స్ అని రాసి ఉంటే మేం చక్కటి పీహెచ్ రిపోర్టు జతచేసి పంపాం. పీహెచ్ అయిదు పైన ఉంది, పొగరుగానే పంపాం. లాట్ మొత్తం వెనక్కి వచ్చింది. మళ్లీ శాంపిల్ పంపి, రిపోర్టు తెచ్చుకునేసరికి నెల పోయింది. తప్పు పూర్తిగా మాదే: క్లాజు నంబరు చదవకుండా, విషం పరీక్ష అంటే ఏదో ఒకటే కదా అనుకున్నాం.

## మూసిన పెట్టె, ఒక్కో వాయువు విడిగా

ఐఎస్‌ఓ 5659-2లో 75 మిల్లీమీటర్ల చదరపు ముక్కను అర ఘనపు మీటరు పెట్టెలో పెట్టి, పైనుంచి శంకువు ఆకారపు హీటర్‌తో చదరపు మీటరుకు 25 లేదా 50 కిలోవాట్ల వేడి తగిలిస్తారు. పొగ చిక్కదనాన్ని వెలుతురుతో కొలుస్తూనే, పొగలోంచి నమూనా తీసి ఇన్‌ఫ్రారెడ్ యంత్రంతో వాయువులను విడివిడిగా లెక్కిస్తారు. ఓడలకు అంతర్జాతీయ సముద్ర సంస్థ పెట్టిన హద్దులు కార్బన్ మోనాక్సైడ్‌కు 1450 పీపీఎం, హైడ్రోజన్ క్లోరైడ్‌కు 600, సైనైడ్‌కు 140. యూరప్ రైళ్ల ప్రమాణం ఈఎన్ 45545-2 కూడా ఈ పెట్టెనే వాడి, నాలుగో నిమిషంలో, ఎనిమిదో నిమిషంలో వాయువులు చూస్తుంది.

ఇందులో చాలా మంచి ఉంది. ప్యానెల్, సీటు గుడ్డ, ఫ్లోరింగ్ లాంటివి చదునుగా ఉంటాయి కాబట్టి నేరుగా పెట్టవచ్చు. ఏ వాయువు హద్దు దాటిందో తెలుస్తుంది కాబట్టి ఫార్ములాలో ఏం మార్చాలో కూడా తెలుస్తుంది. లోటు ఒక్కటే: పెట్టె మూసి ఉంటుంది కాబట్టి మంట సాగే కొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది, ఎంత తగ్గిందన్నది ముక్క మందాన్నిబట్టి, మంటనుబట్టి మారుతుంది. మందం మార్చితే ఫలితం మారుతుంది. అందుకే రిపోర్టులో మందం రాయకపోతే ఆ రిపోర్టుకు నేను విలువ ఇవ్వను.

## గాలిని చేతిలో పెట్టుకున్న కొలిమి

ఐఎస్‌ఓ/టీఎస్ 19700 మా ఆమ్ల పరీక్ష కొలిమికి అన్నలాంటిది. పొడుగాటి క్వార్ట్జ్ గొట్టంలోకి పదార్థాన్ని ఒకే వేగంతో మెల్లగా నెడుతూ పోతారు, గాలి ఎంత పంపాలో ముందే లెక్కగడతారు. రాజుకునే మంటకు సుమారు 350 డిగ్రీలు, గాలి బాగా ఆడే మంటకు 650, గాలి ఆడని మంటకు 825. ఒకే పదార్థం ఈ మూడింటిలో మూడు ముఖాలు చూపిస్తుంది. ఆ అంకెలను ఐఎస్‌ఓ 13571 లెక్కలో వేస్తే ఆ గదిలో మనిషి ఎన్ని నిమిషాలు నిలబడగలడో అంచనా వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు ఆ లెక్క తేలికే: పీపీఎంను నిమిషాలతో గుణిస్తే 35,000కు చేరినప్పుడు సగం మంది పడిపోతారనుకోవాలి. 3500 పీపీఎం అయితే పది నిమిషాలు. పసిపిల్లలు, ముసలివాళ్లు అంతవరకు ఆగలేరు కాబట్టి జాగ్రత్తపరులు అందులో మూడో వంతు దగ్గరే గీత గీస్తారు.

నిజం మంటకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఇదే. కానీ ఖరీదైనది, చేసే ల్యాబులు తక్కువ, చేసేవాళ్లకు అనుభవం కావాలి. ఇల్లు కట్టేవాళ్లకు దీనితో పనిలేదు. కొత్త కాంపౌండ్ తయారుచేసి దేశం బయట అమ్మాలనుకునేవాళ్లకు, సొరంగాలు, భూగర్భ కేంద్రాలు డిజైన్ చేసేవాళ్లకు మాత్రం దీన్ని మించింది లేదు.

కోన్ కెలోరిమీటర్ గురించి కూడా అడుగుతుంటారు. అది ప్రధానంగా వేడి కొలిచే యంత్రం. గాలి పుష్కలంగా ఆడుతుంది కాబట్టి అందులోని కార్బన్ మోనాక్సైడ్ అంకెతో ధైర్యపడవద్దు. ఎలుకల మీద చేసే పాత పరీక్షలు కూడా ఉన్నాయి. ఈ రోజు మనలాంటివాళ్లం వాటి జోలికి పోవాల్సిన అవసరం లేదు.

## మీరు ఎవరైతే ఏం చేయాలి

ఇల్లు కట్టుకునేవాళ్లు. మీరు పరీక్ష చేయించక్కర్లేదు, రిపోర్టు అడిగితే చాలు. గోడలో పైపు వేసి, సిమెంటు పూసిన చోట ఎఫ్‌ఆర్-ఎల్‌ఎస్‌హెచ్ వైరు సరిపోతుందని నా అభిప్రాయం, అక్కడ వైరు కాలడం అంత తేలిక కాదు. ఫాల్స్ సీలింగ్ పైన బయటికి ఉండే వైరుకు, మెట్ల దారికి, మెయిన్ బోర్డు దగ్గరకు ఐఎస్ 17048 మార్కు ఉన్న హాలోజన్ ఫ్రీ వైరు తీసుకోండి. దాని ధర ఎక్కువ. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అందులో అల్యూమినియం హైడ్రాక్సైడ్ లాంటి పొడి చాలా కలుపుతారు. ఆ పొడి వేడికి తన బరువులో మూడో వంతు దాకా నీటి ఆవిరి వదిలి మంటను చల్లారుస్తుంది, కానీ పూతను కొంచెం బిరుసు చేస్తుంది. ఇరుకు పైపులో బలంగా లాగితే గీసుకుపోతుంది. ఎలక్ట్రీషియన్‌కు ముందే చెప్పండి, పైపు ఒక సైజు పెద్దది వేయించండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. హాలోజన్ ఫ్రీ వైరుకు డబ్బు పోసి, అదే గదికి పీవీసీ ప్యానెల్ సీలింగ్ వేయిస్తే ఆ డబ్బు బూడిదలో పోసినట్టే. వైరు పూత వందల గ్రాముల్లో ఉంటుంది. సీలింగ్ ఒక్కో గదికి పది కిలోల పైమాటే. జిప్సం వేయించుకోండి.

ఇంట్లో చేసుకోగలిగిన ఒక చిన్న పరీక్ష ఉంది. రాగి తీగ కొసను పట్టకారుతో పట్టుకుని గ్యాస్ మంటలో రంగు పోయేదాకా కాల్చండి. ఎర్రగా ఉండగానే వైరు పూతకు తాకించి మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మెరిస్తే హాలోజన్ ఉన్నట్టు. ఎంత ఉందో చెప్పదు, ఉందా లేదా అన్నదే చెబుతుంది, అదీ ఫ్లోరిన్‌ను పట్టుకోదు. ఆరుబయట, రవ్వంత ముక్కతో, ఒకటి రెండుసార్లకు మించకుండా చేయండి.

ఫంక్షన్ హాలు, హాస్టల్, నర్సింగ్ హోం నడిపేవాళ్లు. మీ దగ్గర వైరు కంటే ప్రమాదం తెరలు, ఫోమ్ కుర్చీలు, పరుపులు, పెళ్లి మండపం వెనక థర్మాకోల్ సెట్టింగు. థర్మాకోల్‌లో క్లోరిన్ లేదు, నైట్రోజన్ లేదు, కానీ నల్లటి మసి పొగ హాలును నిమిషాల్లో చీకటి చేస్తుంది. కాబట్టి మీరు అడగాల్సింది ఆమ్ల వాయువు రిపోర్టు ఒక్కటే కాదు. సీలింగ్‌కు, గోడ ప్యానెళ్లకు, సీట్లకు ఐఎస్‌ఓ 5659-2 రిపోర్టు, వాయువుల అంకెలతో సహా అడగండి. కేబుళ్లకు ఐఈసీ 61034, 60754-2 రెండూ కావాలి. నర్సింగ్ హోంలో లేవలేని రోగులుంటారు, వాళ్లకు పది నిమిషాల లెక్క వర్తించదు. అక్కడ హాలోజన్ ఫ్రీ తప్ప వేరే మాట వద్దు. రెండో దారి తలుపుకు తాళం వేసి ఉంటే మాత్రం ఈ రిపోర్టులు ఏవీ ఎవరినీ కాపాడవు.

బస్సు బాడీలు కట్టేవాళ్లు, సీట్లు సప్లయి చేసేవాళ్లు. 2013 అక్టోబర్ 30న కొత్తకోట మండలం పాలెం దగ్గర కల్వర్టును గుద్దుకుని బస్సు తగలబడి 45 మంది పోయిన దారిలోనే మనం రోజూ తిరుగుతున్నాం. బస్సు లోపలి సామాన్లకు మామూలుగా చూపించే ఐఎస్ 15061 రిపోర్టు, మంట నిమిషానికి ఎంత దూరం పాకుతుందో చెబుతుంది. పొగ సంగతి చెప్పదు. చట్టం అడగకపోయినా సీటు ఫోమ్‌కు, గుడ్డకు కలిపి మూసిన పెట్టె పరీక్ష ఒక్కసారి చేయించండి. సైనైడ్ అంకె చూశాక ఏ ఫోమ్ కొనాలో మీకే తెలుస్తుంది.

కొత్తూరు, పోలేపల్లి, చౌటుప్పల్ వైపు చిన్న యూనిట్లవాళ్లు. అన్నీ బయట చేయించాలంటే లాభమంతా అక్కడికే పోతుంది. గొట్టం కొలిమి, పీహెచ్ మీటర్, కండక్టివిటీ మీటర్ మీ దగ్గరే పెట్టుకోండి. ప్రతి బ్యాచ్ దాని మీదే వడపోయండి. ఫార్ములా ఖాయమైనప్పుడు, ఫిల్లర్ (కలిపే పొడి) సప్లయర్ మారినప్పుడు మాత్రమే బయటి ల్యాబుకు పంపండి. కేబుళ్లకు బెంగళూరు సీపీఆర్‌ఐ, ప్లాస్టిక్‌లకు హైదరాబాద్ సిపెట్, భవన సామగ్రి మంటల విషయంలో రూర్కీ సీబీఆర్‌ఐ ఉన్నాయి. పంపే ముందు ఆ పరీక్ష నంబరు ల్యాబు ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) స్కోపులో, అంటే గుర్తింపు పొందిన పరీక్షల జాబితాలో, ఉందో లేదో అడిగి తెలుసుకోండి. ల్యాబుకు గుర్తింపు ఉన్నంత మాత్రాన అది చేసే ప్రతి పరీక్షకూ ఉన్నట్టు కాదు.

## రిపోర్టు చేతికి వచ్చాక

ముందు పరీక్ష నంబరు, భాగం, సంవత్సరం చూడండి. 60754 అని మాత్రమే రాసి ఏ భాగమో రాయకపోతే అడగండి. పాస్ అన్న ముద్ర కాదు, అంకె కావాలి. పరీక్షించిన ముక్క మందం, రంగు, గ్రేడు మీరు కొంటున్న సరుకుతో కలవాలి. శాంపిల్‌ను ల్యాబు వాళ్లే తీసుకున్నారా, కంపెనీ పంపిందా అనేది కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది తప్పక చదవండి. మూడేళ్ల కిందటి రిపోర్టు అయితే ఈ మధ్య ఫార్ములా ఏమన్నా మారిందా అని అడగడంలో తప్పు లేదు.

ఆ రోజు గడియారం సెంటర్ షాపాయనను కూడా ఇదే అడిగాను. ఆయన మర్యాదస్తుడు, డిస్ట్రిబ్యూటర్‌కు ఫోన్ చేసి పది నిమిషాల్లో వాట్సాప్‌లో పీడీఎఫ్ తెప్పించాడు. ఐఈసీ 60754, మొదటి భాగం, 17 శాతం. చాలా ఏళ్లుగా ఆ వైరు అమ్ముతున్నా, ఆ కాగితం తను చూడటం కూడా అదే మొదటిసారట. "పదిహేడు అంటే ఎక్కువనా తక్కువనా సార్?" అని అడిగాడు. బిల్లు వెనక వైపు ఆ 30 మీటర్ల లెక్క వేసి చూపించాను. ఆయన ఆ కాగితాన్ని మడిచి క్యాష్ డబ్బాలో పెట్టుకున్నాడు. మా బామ్మర్ది గోడలకు ఆ వైరే తీసుకుని, సీలింగ్ పైకి, మెట్ల దారికి హాలోజన్ ఫ్రీ ఆర్డరు పెట్టాడు. పీవీసీ ప్యానెళ్లకు ఇచ్చిన అడ్వాన్సు వాపసు అడగడానికి అక్కణ్నుంచి అటే వెళ్లాం.